ఆంకీ: ఏళ్ల తరబడి చదివేవారికి తగిన సాధనం

పెద్ద పరీక్షకో, కొత్త భాషకో సంవత్సరాల తరబడి సిద్ధపడదలచినవారికి, 2006లో వెలువడిన ఆంకీ అనే, ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్‌ను నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను. నేర్చుకున్నది కాలంతోపాటు ఎలా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే వివరించాడు. ఆ మరపు ముంచుకొచ్చే వేళకు ప్రశ్నను మళ్లీ మన ముందుంచి, సరిగ్గా చెప్పిన ప్రతిసారీ విరామాన్ని రోజుల నుంచి వారాలకు, నెలలకు, చివరికి ఏళ్లకు పెంచుకుంటూ పోవడమే దీని పనితీరు. మొదటి వారాల్లో ఫలితం పెద్దగా కనిపించదు. మధ్యలో కొన్నాళ్లు మానేస్తే బకాయిపడిన కార్డులు గుట్టలా పేరుకుంటాయి కనుక (తొందరపడేవారు చాలావరకు ఇక్కడే విరమిస్తారు), రోజుకు చేర్చే కొత్త కార్డుల సంఖ్యను తక్కువగా ఉంచుకోవడం మేలు. ఇతరులు తయారుచేసినవాటికన్నా స్వయంగా రాసుకున్న కార్డులే ఎక్కువకాలం గుర్తుంటాయని నా అభిప్రాయం. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఇది ఉచితం. ఐఫోన్‌లో మాత్రం ఒకసారి డబ్బు చెల్లించాలి.