పేషెంటు మీదికొస్తే ముందు ఏది: మాటా, సూదా, కట్టా?

సైకియాట్రీ పోస్టింగుకు ఎర్రగడ్డకో, విశాఖ చినవాల్తేరుకో వెళ్లబోయే నర్సింగ్ పిల్లలు ముందుగా అడిగేది ఒకటే: "మేడమ్, పేషెంటు కొట్టడానికొస్తే ఏం చేయాలి?" సిలబస్ ఎంత చదివినా ఆ టెన్షన్ పోదు. అప్పుడు మన ముందుండే దారులు మూడు: మాటతో నెమ్మదింపజేయడం, మందు ఇవ్వడం, కాళ్లూ చేతులూ కట్టడం. ఏది ముందో, ఏది చివరో నేను తప్పు చేసి నేర్చుకున్నాను.

స్టూడెంటుగా ఉన్నప్పుడు ఒక జనరల్ ఆసుపత్రి మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. అడ్మిటయిన రెండో రాత్రి ఒకాయన సెలైన్ పీకేసి మంచం దిగిపోతున్నాడు. నలభై మందికి మేం ఇద్దరం. రోలర్ బ్యాండేజీతో ఆయన చేతులు మంచం కమ్మీకి కట్టేశాం. "ఒంటికి పోవాలమ్మా, ఒంటికి పోవాలమ్మా" అంటూనే ఉన్నాడు. పారిపోవడానికి సాకు అనుకున్నాం. తెల్లారి విప్పితే పక్క తడిసిపోయి ఉంది, ఎడమ మణికట్టు చుట్టూ నల్లగా కమిలిన గీత. రోజూ తాగే మనిషికి తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడంతో వచ్చిన మతిభ్రమ అది. చేతులు వణకడం చూశాం, చెమటలు చూశాం, రెండూ కలిపి ఆలోచించలేదు.

అందుకే మూడింటినీ తూచే ముందు కారణం చూడండి. షుగర్ పడిపోయిన మనిషీ తిడతాడు, తోసేస్తాడు. గ్లూకోజ్ ఎక్కితే కుదుటపడతాడు. షుగర్, ఆక్సిజన్, జ్వరం, తలకు దెబ్బ, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఈ ఐదూ తెలియకుండా "సైకియాట్రీ కేసు" అనొద్దు.

ఇక మాట. దీన్ని చాలామంది మంచితనం కింద జమకడతారు. నా లెక్కలో ఇంజెక్షన్ వేయడం ఎంత పనితనమో ఇదీ అంతే. చున్నీ, మెడలో ఐడీ కార్డు తాడు, స్టెతస్కోపు తీసి పక్కన పెట్టి వెళ్లండి. రెండు చేతుల దూరంలో, కొంచెం పక్కకు తిరిగి, మీ అరచేతులు కనబడేలా నిలబడండి. తలుపు దారి మీకూ ఆయనకూ అడ్డం లేకుండా ఉండాలి. మాట్లాడేది ఒక్కరే. ముగ్గురు చుట్టూ చేరి "కూర్చో, కూర్చో" అని అరిస్తే ఎవరికైనా భయం రెట్టింపవుతుంది. "మీరు" అనండి, వయసును బట్టి అన్నా, బాబాయ్, పెద్దమ్మా అనండి. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయంటే అబద్ధమని వాదించొద్దు, నిజమేనని తలూపొద్దు. "నాకు వినబడట్లేదు అన్నా, కానీ మీకు భయంగా ఉందని తెలుస్తోంది" అంటే చాలు. తర్వాత ఎంచుకునే వీలు ఇవ్వండి: "మాత్ర ఇప్పుడే వేసుకుంటారా, కాసిన్ని నీళ్లు తాగి వేసుకుంటారా?" పావుగంట ఓపిక పడితే చాలాసార్లు మనిషి కూర్చుంటాడు, మాత్ర నోటితోనే వేసుకుంటాడు.

కూర్చోకపోతే సూది. దాన్ని ఓటమిగా చూడొద్దు. భయంతో వణికిపోతున్న మనిషికి నిద్ర పట్టించడం కూడా చికిత్సే. ఎక్కువగా వాడేవి లోరజెపామ్, లేదంటే హాలోపెరిడాల్–ప్రోమెథజిన్ జోడీ. వేలూరులో 200 మందితో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఆ జోడీ లోరజెపామ్ కన్నా త్వరగా పనిచేసింది. నాలుగు గంటలయ్యేసరికి రెండు వైపులా దాదాపు అందరూ శాంతించారు. హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కళ్లు పైకి వెళ్లి నిలిచిపోవడం జరగొచ్చు. దాన్ని నటన అనుకుని వదిలేసినవాళ్లను చూశాను. వెంటనే డాక్టర్ని పిలవాల్సిన లక్షణం అది. తాగుడు ఆగి మతిభ్రమ వచ్చినవారికి సాధారణంగా లోరజెపామ్ తరహా మందులే మొదట రాస్తారు, ఎందుకంటే వాళ్లకు ఫిట్స్ భయం ఉంటుంది. సూది వేశాక మొదటి గంట ప్రతి పావుగంటకూ బీపీ, పల్స్, శ్వాస, ఆక్సిజన్ చూడాలి. నిద్రపోయాడు కదా అని వెళ్లి టీ తాగే సమయం కాదు.

కట్టడం గురించి చట్టం స్పష్టంగా ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది, ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడాన్నీ నిషేధించింది. కట్టడానికి ఒకే కారణం ఉండాలి: అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి ఇంకో దారి లేకపోవడం. దానికి బాధ్యుడైన సైకియాట్రిస్టు అనుమతి కావాలి, కారణం కేస్ షీటులో రాయాలి, నామినేటెడ్ ప్రతినిధికి (రోగి తరఫున నిలబడే మనిషికి) 24 గంటల్లో తెలపాలి. శిక్షగా కట్టకూడదు. స్టాఫ్ తక్కువన్నదీ కారణం కాదు. ఆ రాత్రి మా దగ్గర ఉన్నది సరిగ్గా ఆ కారణమే.

కట్టక తప్పకపోతే వెల్లకిలా గానీ పక్కకు గానీ పడుకోబెట్టి, కట్టు కింద రెండు వేళ్లు దూరేలా చూడండి. బోర్లా ఎప్పుడూ వద్దు. వేళ్ల రంగు, వెచ్చదనం పదే పదే చూడాలి, నీళ్లు ఇవ్వాలి, ఒంటికి తీసుకెళ్లాలి, ఒక్కో కాలూ చేయీ విప్పుతూ రావాలి.

పని భారం చూసినా నా తూకం మాట వైపే. మాటకు ఒక్క నర్సు, పావుగంట. సూదికి ఇద్దరు ముగ్గురు, ఆపై గంట కాపలా. కట్టడానికి నలుగురైదుగురు, విప్పేదాకా పక్కనే ఒకరు. పైగా కట్టించుకున్న మనిషి మర్నాడు మీ చేతి మాత్ర అంత సులువుగా తీసుకోడు. అయితే చేతిలో పగిలిన సీసా ఉంటే, పక్క పేషెంటు మీద చేయి పడితే, కబుర్లతో కాలయాపన చేయొద్దు. దూరం జరిగి, మిగతావాళ్లను తప్పించి, సాయం పిలవండి. మతిభ్రమలో ఉన్నవారికీ మాట ఒక్కటే సరిపోదు. అయినా లైటు వేసి, "ఇది ఆసుపత్రి, నేను నర్సుని, మీ అబ్బాయి బయటే ఉన్నాడు" అని చెబుతూనే ఉండండి.

మూడింటిలో ఏది వాడినా మర్నాడు ఆ మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చోండి. "నిన్న ఏ మాటకు కోపం వచ్చింది?" అని అడగండి. ఒకావిడ నాతో అంది: రాత్రి లైట్లు ఒక్కసారిగా ఆర్పేస్తే తనకు ఊపిరి ఆడదట. అది కేస్ షీటులో రాశాం. ఆ రాత్రి నుంచి ఆమె మంచం దగ్గర లైటు ఒకటి వెలుగుతూ ఉంది.