ఒళ్లున్న కుర్రాడికి కూత మేలా, పట్టు మేలా?

మా మేనల్లుడు ఆరడుగులు దాటాడు, బరువు 88 కిలోలు. టంగుటూరు దగ్గర ఊరి టీములో కబడ్డీ ఆడతాడు. సంక్రాంతి పోటీల్లో కూతకెళ్లి, మీద పడ్డ ఇద్దర్నీ ఈడ్చుకుంటూ గీత తాకాడంటే ఊరంతా ఈలలే. ఇప్పుడు వాడి కన్ను ప్రో కబడ్డీ మీద పడింది. "మామా, రైడర్‌గానే ఉండనా, క్యాచింగ్‌కి మారనా?" అని అడిగాడు. నేను కాలేజీ రోజుల్లో కవర్‌లో, అంటే పట్టు పట్టేవాళ్ల వరుసలో నడిమివాడి పక్క చోట, ఆడినవాణ్ణి. నా మాట కాస్త అటు మొగ్గితే ఏమీ అనుకోకండి.

ముందు బరువు సంగతి. సీనియర్ మగవాళ్ల ఆటలో 85 కిలోలు దాటితే మ్యాట్ ఎక్కనివ్వరు. ఎదుటివాళ్లలోనూ చాలామంది ఆ బరువుకు దగ్గర్లోనే ఉంటారు. ఊళ్లో 60 కిలోల కుర్రాణ్ణి ఈడ్చినట్టు అక్కడ ఈడ్వడం కుదరదు.

కూతలో పొడుగు పనికొస్తుంది, కాదనను. చెయ్యి చాపితే టచ్, కాలు చాపితే బోనస్ గీత దాటి అదనపు పాయింటు. సిద్ధార్థ్ దేశాయ్‌ని చూశాం కదా, 2019లో మన తెలుగు టైటాన్స్‌కి ఆడాడు. ఆ పొడుగు, ఆ ఊపు చూస్తే డిఫెన్స్‌కి టెన్షనే. కానీ చిక్కంతా వెనక్కి తిరిగేటప్పుడు. 30 సెకన్లలో ఎన్నిసార్లు మలుపు తిరగాలో, ప్రతిసారీ ఆ బరువంతా మోకాలి మీదే. నడుము ఎత్తులో ఉంటే తొడ పట్టుకి తేలిగ్గా దొరుకుతాడు కూడా.

ఇక పట్టు. కార్నర్‌లో, అంటే వరుస చివరన, రైడర్ కాలు లేపీ లేపగానే మడమ అందుకోవాలి, అంటే నేల మీదకి వాలాలి. పెద్ద ఒంటికి అది ఆలస్యంగా వస్తుంది, రాదని కాదు. ఇరాన్ ఫజల్ అత్రాచలి బలిష్ఠుడే, లెఫ్ట్ కార్నర్‌లో నిలబడే లీగ్‌లో 500 ట్యాకిల్ (పట్టు) పాయింట్లు దాటాడు. కవర్‌లో అయితే భుజం, ఛాతీ పెట్టి డ్యాష్ ఇవ్వాలి, లేదా దారికి అడ్డం పడి బ్లాక్ చెయ్యాలి. బరువు నేరుగా పనికొచ్చే చోటు అదే.

అయితే బరువొక్కటే చాలదని నా ఒంటి మీదే తెలిసింది. రైడర్ కదిలీ కదలకముందే నేను మీదకి ఉరికేవాణ్ణి. వాడు పక్కకి జరిగి, నా భుజం తాకి పోయేవాడు. నేను బయటికి, వాళ్లకి పాయింటు. మా వైపు బండలాగుడులో ఒంగోలు గిత్తల్ని చూడండి. ఎంత బలిసిన జత అయినా, ఒకటి ముందు గుంజి రెండోది వెనకబడితే బండ సాగదు. చెయ్యీ చెయ్యీ పట్టుకునే చైన్ కూడా అంతే. కార్నర్‌వాడు కదిలేదాకా కవర్‌వాడు ఆగాలి. ఆ ఆగడమే పెద్ద ఒళ్లున్నవాడికి కష్టం, ఎందుకంటే ఊళ్లో ఎప్పుడూ ఆగే పని పడలేదు.

అందుకే కవర్ మేలన్నాను. కూత మానొద్దు. రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చే, పాయింటు తేకపోతే ఔటయ్యే డూ ఆర్ డై రైడ్‌కి వీడి చేతి పొడుగు టీముకి ఉపయోగమే. కానీ రోజూ సాధన మాత్రం పట్టు మీదే ఉండాలి.

ముందు మూడు కిలోలు తగ్గాలి. ఆ మాటకి వాడి మొహం చూడాలి! మొన్న ఆదివారం కవర్‌లో నిలబెట్టాం. మొదటి మూడు రైడ్లూ అచ్చం నాలాగే తొందరపడ్డాడు. నాలుగోసారి ఆగాడు. రైడర్ లాబీ (కోర్టు అంచున ఉండే పట్టీ) పక్కన గీత తొక్కబోతుండగా ఒక్క భుజం ఇచ్చాడు. ఆ కుర్రాడు బయటున్న చెప్పుల గుట్ట మీద పడ్డాడు.