ఊరేగింపు బండి మీదకి ఏ డీజే కంట్రోలర్?

కోనసీమ కాలవగట్ల మీద నడిచే ఊరేగింపు బండికి పెద్ద మిక్సర్ దండగ. చిన్న డీజే కంట్రోలర్లలో (పాటల్ని కలిపి మార్చే పరికరాలు) ఈ మూడూ చూడొచ్చు.

న్యూమార్క్ డీజే2గో2 టచ్ సంచిలో పడిపోతుంది. అయితే ఈక్యూ నాబ్‌లు (బేస్, ట్రెబుల్ తగ్గించి పెంచే బిరడాలు) లేవు; రెండు పాటల బేస్ కలిస్తే మోతే మిగులుతుంది. అవుట్‌పుట్ 3.5 ఎంఎం పిన్ను, బండి కుదుపులకి ఊడొస్తుంది. నేర్చుకోడానికి సరే, పెళ్లికి వద్దు.

పయొనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 బరువు 2.1 కిలోలు. డెక్‌కి (ఒక్కో పాట నడిపే వైపుకి) 8 ప్యాడ్‌లు (నొక్కే మీటలు), మూడు బ్యాండ్ల ఈక్యూ, పంతులుగారి మంత్రాలకి మైక్ సాకెట్. యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి చవక హబ్ వాడితే మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంది; నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. పాట తెగుతుంటే ల్యాప్‌టాప్‌లో బఫర్ (శబ్దాన్ని ముందుగా నిలవచేసే మోతాదు) 256 శాంపిల్స్‌కి పెంచండి, ఆలస్యం 6 మిల్లీసెకన్లే. అసలు తలనొప్పి జనరేటర్ దగ్గర. అవుట్‌పుట్ ఆర్‌సీఏ (మామూలు ఆడియో పిన్నులు, బయటి రొదని ఆపలేవు) కాబట్టి గుయ్యిమని హమ్ వస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకగానే ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి వచ్చే రొద. దాన్ని ఆపడానికి ఎర్త్ పిన్ విరగ్గొట్టే అలవాటు మనవాళ్లకుంది, వానలో ప్రాణాలమీదకొస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (ఆ ఎర్త్ కలయికని విడదీసే చిన్న పెట్టె) పెట్టి, ఆంప్లిఫయర్ దాకా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైకులకి వాడే మూడు పిన్నుల తీగ) లాగండి.

న్యూమార్క్ మిక్స్‌స్ట్రీమ్ ప్రో గోకి ల్యాప్‌టాప్ అక్కర్లేదు: సొంత బ్యాటరీ, 7 అంగుళాల టచ్‌స్క్రీన్, పాటలు పెన్‌డ్రైవ్‌లోంచి. దాని స్పీకర్లు మనకి వినపడ్డానికే, జనానికి కాదు. పాటల్ని ముందురోజే ఎనలైజ్ చేయించాలి (వేగం, బీట్లు లెక్కకట్టించాలి), లేకపోతే లోడింగ్ దగ్గర చూస్తూ కూర్చోవాలి. డబ్బుంటే ఇదే, లేకపోతే ఎఫ్‌ఎల్‌ఎక్స్4, డీఐ బాక్స్ కలిపి కొనండి.

అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఏ ఫేడరైనా (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) గరగరలాడుతుంది. మూత, సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. కొబ్బరినూనె మాత్రం పూయకండి, ఫేడర్ క్లీనర్ వాడండి.