కొలతల కిట్ (2 నుంచి 4 క్లాసుల పిల్లలకి): త్రాసు చాలా బావుంది, జగ్గు మాత్రం చెక్ చేసి తీసుకోండి

మా పాప మూడో క్లాసు. కిలోకి 1000 గ్రాములు అని గడగడా చెప్పేస్తుంది, కానీ చేతిలో ఉల్లిపాయ పెట్టి ఎంతుంటుందే అంటే "2 కిలోలు" అంది. నాకు చాలా బాధేసింది, బట్టీ పట్టింది తప్ప గ్రాము అంటే ఏటో దానికి తెలీదు. ఆ వారమే వైజాగ్‌లో జగదాంబ దగ్గర ఒక స్టేషనరీ షాపులో ఈ కిట్ కొన్నా, 850 రూపాయలు. రెండు పళ్లాల ప్లాస్టిక్ త్రాసు, 5 నుంచి 100 గ్రాముల దాకా రాళ్లు, లీటరు జగ్గు, టేపు, స్కేలు, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి.

డబ్బులన్నీ త్రాసుకే ఇచ్చాననుకున్నా పర్లేదు, అంత బావుంది. ముందు చేత్తో పట్టుకుని అంచనా చెప్పాలి, పేపర్ మీద రాయాలి, తర్వాతే తూచాలి అని రూల్ పెట్టా. పది రోజుల్లో ఉల్లిపాయ 80 గ్రాములుంటుందమ్మా అనే దాకా వచ్చింది, తూస్తే 85. మరమరాల ప్యాకెట్ అంత పెద్దదుండి చిన్న రాయి కంటే తేలిగ్గా ఉందేంటని రెండు మూడు సార్లు మార్చి మార్చి పెట్టి చూసుకుంది. 75 కావాలంటే 50, 20, 5 వెయ్యాలని కూడికలు వాటంతటవే వచ్చేశాయి. ఒక రోజు 100 రాయి ఒక పళ్లెంలో పెట్టి, రెండో పళ్లెంలో టమాటాతో పాటు 20 రాయి వేసి, సమానంగా నిలబడితే "అయితే టమాటా 80" అంది, అది నేను నేర్పలేదు, పుస్తకంలోనూ లేదు.

పుస్తకం అసలు నచ్చలేదు. మొదటి పేజీలోనే సెంటీమీటర్లు. పిల్లలకి ముందు జాన, మూర, అడుగులతో కొలిపించి, మనిషికో లెక్క వస్తుందని వాళ్లకే తెలిశాక స్కేలు ఇవ్వాలి కదా. అందుకే పాపని పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లా. పూలమ్మే ఆవిడ మూర కొలిచి ఇస్తే మా పాప తన చేత్తో మళ్లీ కొలిచి మూరన్నర ఉందంది, ఆవిడ "నీ సెయ్యి సిన్నది కదమ్మా, నీ మూరతో అమ్మితే నాకే లాభం" అంది. అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది దానికి. ఇంట్లో అత్తయ్యగారు ఇప్పటికీ బియ్యం సోలతోనే పోస్తారు, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక అని ఆవిడ చెప్తుంటే రెట్టింపులన్నీ అక్కడే నేర్చుకుంది.

స్కేలులో సున్నా గీత అంచు దగ్గర కాకుండా కొంచెం లోపలికి ఉంది, పిల్లలు అంచు నుంచే పెట్టేస్తారు, కొందరు 1 నుంచి మొదలెడతారు. ఇది లోపం అనను, పక్కన కూర్చుని చూపించాలి అంతే. నేనైతే పెన్సిల్‌ని కావాలనే 3 దగ్గర పెట్టి, 11 దగ్గర అయిపోయింది, మరి పొడవెంత అని అడుగుతున్నా.

జగ్గు దగ్గరే కోపం వచ్చింది. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కదా, అది చూపిద్దామని కిచెన్ డిజిటల్ త్రాసు మీద 500 గ్రాముల నీళ్లు తూచి ఇందులో పోస్తే 450 గీత దగ్గరే ఆగిపోయాయి. మళ్లీ పోసినా అంతే. పిల్లలు కొలతలు నేర్చుకునే వస్తువులో గీతలే తప్పుంటే ఎలాగండీ? బిల్లు ఉంది కాబట్టి షాపులో మార్చి ఇచ్చారు, రెండోది కరెక్ట్‌గానే ఉంది. మీరు కొంటే ఇంటికెళ్లిన రోజే నీళ్లు తూచి చూసుకోండి, బిల్లు పారెయ్యకండి.

ఇంకోటి, కిలో రాయి ఇందులో లేదు, ఆ త్రాసు అంత బరువు మొయ్యదు కూడా. కిలో ఉప్పు ప్యాకెట్‌నే మేం కిలో రాయిలా వాడుతున్నాం, ఒక చేతిలో అది, రెండో చేతిలో వంకాయల సంచి పట్టుకుని ఏది బరువో చెప్తోంది.