డ్రెయిన్ బోల్టు మర పోయిన చాంబర్‌కి స్టీల్ బుష్: 5 ఏళ్లు, 60,000 కిలోమీటర్ల తర్వాత

నిన్న ఎనిమిదోసారి, కారు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కి ఉన్న అదే డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించేది) విప్పి, ఆయిల్ మార్చి, మళ్లీ బిగించాను. రాత్రంతా ఇంజిన్ కింద పరిచి ఉంచిన అట్టముక్కను పొద్దున్నే తీసి చూస్తే పొడిగా ఉంది. పోయిన మర స్థానంలో వేసిన ఈ స్టీల్ బుష్ గురించి రాయడానికి ఇన్నాళ్లు ఆగింది ఇందుకే. చేసిన రోజున ప్రతి రిపేరూ బాగానే కనిపిస్తుంది. నాలుగైదుసార్లు విప్పి బిగించాకే దాని సంగతి తెలుస్తుంది.

అసలు మర ఎలా పోయిందో ముందు చెప్తాను. అంతకుముందు రెండుసార్లు ఒక వర్క్‌షాప్‌లో ఆయిల్ మార్పించాను. రెండుసార్లూ పాత వాషరే వేసి ఎయిర్ గన్‌తో బిగించారు. మూడోసారి నేనే విప్పబోతే, బోల్టు సగం చుట్టు బిగువుగా తిరిగి ఒక్కసారిగా వదులైపోయింది. ఆ తర్వాత గిరగిరా తిరుగుతోందే కానీ కిందికి దిగదు. హెడ్ వెనక సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి, బయటికి నెడుతూ తిప్పితే అప్పుడు వచ్చింది. చూస్తే బోల్టు చుట్టూ వెండి తీగ చుట్టినట్టు అల్యూమినియం. చాంబర్ లోపలి మర స్ప్రింగులా ఊడి బోల్టుతో పాటు వచ్చేసింది. గోటితో కొస పట్టుకుని లాగితే చుట్లు చుట్లుగా విడిపోయింది. గుండె జారిపోయింది.

బోల్టు స్టీలు, చాంబర్ అల్యూమినియం. రెంటిలో మెత్తనిదే ముందు పోతుంది. మా కారుది 14 మిల్లీమీటర్ల బోల్టు, మరకి మరకి మధ్య 1.5 మిల్లీమీటర్లు. మాన్యువల్‌లో రాసిన బిగింపు 39 న్యూటన్ మీటర్లు, అంటే మామూలు రెంచ్‌తో చెయ్యి కాస్త గట్టిగా ఆనిస్తే వచ్చేంత. ఎయిర్ గన్‌కి ఆ లెక్క తెలియదు. పాత వాషర్ ఇంకో కారణం. అది ఒకసారి నలిగి కూర్చుంటుంది, రెండోసారి అదే వేస్తే చెమ్మ కారుతుంది. కారుతోంది కదా అని ఇంకాస్త బిగిస్తారు. అలా బిగించిన ప్రతిసారీ మర కొంచెం కొంచెం సాగి, చివరికి తెగిపోతుంది.

అదే వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే, "పర్లేదు సార్, టెఫ్లాన్ టేప్ నాలుగు చుట్లు చుట్టి బిగిస్తే ఆగిపోద్ది" అన్నాడు మెకానిక్. వద్దన్నాను, ఇప్పటికీ వద్దనే అంటాను. ఇక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు, వాషర్. వాషర్‌ని గట్టిగా నొక్కి పట్టడం మర పని. మరే లేనిచోట టేప్ చుడితే నొక్కే బలం ఎక్కడి నుంచి వస్తుంది? దారిలో ఆ బోల్టు ఊడిపడితే నిమిషంలో ఆయిలంతా రోడ్డు పాలు, ఆ వెనకే ఇంజినూ.

నేను మొదట వాడింది ఓవర్‌సైజ్ ప్లగ్. అసలు బోల్టు కన్నా కొంచెం లావుగా ఉండి, తన మర తానే కోసుకుంటూ లోపలికి వెళ్లే రకం. చాంబర్ విప్పక్కర్లేదు, పది నిమిషాల పని. సంతోషపడ్డాను. రెండు ఆయిల్ మార్పులు కూడా నడవలేదు. మొదటి ఇబ్బంది, అది నిటారుగా వెళ్లదు. వెంట్రుకవాసి వంగినా వాషర్ ఒకవైపే ఆనుతుంది, రెండోవైపు నుంచి బొట్టు బొట్టు కారుతూనే ఉంటుంది. రెండోది, విప్పి బిగించిన ప్రతిసారీ అది మళ్లీ కాస్త లోహం కోస్తుంది. బెజ్జం ఇంకా పెద్దదవుతుంది. ఇందులోనే మధ్యలో చిన్న బోల్టు ఉండే రకం ఒకటుంది. పెద్దదాన్ని శాశ్వతంగా వదిలేసి చిన్నదాన్నే విప్పుతారు. అది మొదటిదాని కన్నా నయం, కానీ చిన్న బెజ్జంలోంచి ఆయిల్ దిగడానికి చాలాసేపు పడుతుంది, చిన్నది విప్పుతుంటే పెద్దది కూడా తిరగొచ్చు. దూరప్రయాణంలో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి ఓవర్‌సైజ్ ప్లగ్ వాడండి. అంతకు మించి నమ్మకండి.

ఒక మార్పుకి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ పీల్చే పంపు కూడా వాడాను. పంపు బాగానే పనిచేసింది. ఆయిల్ వెచ్చగా ఉంటే దాదాపు అంతా వస్తుంది. కానీ కింద వదులు ప్లగ్ అలాగే వేలాడుతోంది కదా, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ టెన్షన్.

అప్పుడు తెప్పించాను టైమ్-సర్ట్ రకం బుష్ కిట్. బయటా లోపలా మర ఉన్న గట్టి స్టీల్ గొట్టం ఇది. హెలికాయిల్ గురించి కూడా ఆలోచించాను. అది స్టీలు తీగను స్ప్రింగులా చుట్టి చేసిన మర. ఒకసారి బిగించి వదిలేసే చోట చక్కగా ఉంటుంది. పదే పదే విప్పే డ్రెయిన్ బోల్టుకి గోడ ఉన్న బుషే సరైనదని నా అభిప్రాయం, ఈ ఐదేళ్లలో అది మారలేదు.

బిగించే పని తొందరపడి చేసేది కాదు. కారుని స్టాండ్ల మీద నిలిపాను (జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న కారు కిందికి ఎప్పుడూ దూరకండి). కిట్‌లోని డ్రిల్‌తో పాత బెజ్జాన్ని కొద్దిగా పెద్దది చేసి, బుష్ అంచు లోపలికి కూర్చునేలా పైన చిన్న మెట్టు కోసి, తర్వాత ట్యాప్‌తో కొత్త మర కోయాలి. ఈ మెట్టు దగ్గర ఓపిక పట్టండి. బుష్ అంచు చాంబర్ ముఖం కన్నా ఏ కాస్త పైకి ఉన్నా వాషర్ దాని మీదే ఆగిపోతుంది, చాంబర్‌ని తాకదు. ట్యాప్ నిటారుగా దిగుతోందా లేదా అని సగం చుట్టుకోసారి చిన్న మూలమట్టం పెట్టి చూసుకున్నాను. ట్యాప్ గాడుల నిండా గ్రీజు కూరి, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. రెండు మూడు చుట్లకోసారి బయటికి తీసి తుడిచి, మళ్లీ గ్రీజు.

ఆ గ్రీజు ఎందుకంటే రజను లోపల పడకుండా. అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టదు. పైగా ఆయిల్ ముందు జల్లెడ దాటి పంపుకి, ఆ తర్వాతే ఫిల్టర్‌కి వెళ్తుంది. జల్లెడలో దూరేంత సన్నటి రజను ఉంటే ఫిల్టర్ కన్నా ముందే పంపుని గీరేస్తుంది. నేను చివర్లో బెజ్జం తెరిచే ఉంచి పైనుంచి అర లీటరు ఆయిల్ పోసి కడిగాను, తెల్లటి గుడ్డ మీద మెరుపు కనిపించనంతవరకు అలా మూడుసార్లు. మనసు ఒప్పకపోతే చాంబర్ దించి చేయండి. ఆ శ్రమ వృథా పోదు.

ఇక బుష్ ఎక్కించేటప్పుడు బయటి మరకి వేడికి తట్టుకునే లాకింగ్ జిగురు, లోపల ఎక్కించే పనిముట్టుకి నూనె. తిప్పుతుంటే మొదట తేలిగ్గా పోతుంది. అడుక్కి వచ్చాక చేతికి బరువు తగులుతుంది. భయపడకండి. బుష్ చివరి మరలు కావాలనే పూర్తిగా కోయకుండా వదిలి ఉంటాయి, పనిముట్టు వాటిని బయటికి ఒత్తి చాంబర్‌లో బిగుసుకునేలా చేస్తుంది. ఆ బరువు దాటి మళ్లీ తేలికయ్యేదాకా తిప్పాలి. మధ్యలో ఆపేస్తే బుష్ సరిగ్గా పట్టుకోదు, తర్వాత బోల్టుతో పాటే ఊడి రావచ్చు.

మొదటి మార్పు తర్వాత వాషర్ చుట్టూ సన్నటి చెమ్మ కనిపించింది. విప్పి చూస్తే తప్పు బుష్‌ది కాదు, మెట్టు కోసినప్పుడు చాంబర్ ముఖం మీద లేచిన చిన్న ముల్లు. సన్నటి రాయితో రుద్ది కొత్త వాషర్ వేశాక మళ్లీ చెమ్మ లేదు. అప్పటి నుంచి ప్రతిసారీ కొత్త వాషర్, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో అదే 39. నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించాక గానీ రెంచ్ ముట్టుకోను. ఇప్పుడు బోల్టు ఎక్కుతుంటే తెలుస్తుంది, స్టీల్లో స్టీలు, జారుడుగా, ఎక్కడా పట్టకుండా.

లోపాలు లేకపోలేదు. ఒక్క బెజ్జం కోసం మొత్తం కిట్ కొనాలి, సైజు తప్పితే అదీ పనికిరాదు. 12 మిల్లీమీటర్ల బోల్టులున్న కార్లు చాలా ఉన్నాయి, మర దూరం కూడా 1.25, 1.5 అని మారుతుంది. కొలిచాకే తెప్పించుకోండి. మందం లేని రేకు చాంబర్‌కి నట్టు అతికించి ఉంటే బుష్‌కి పట్టు దొరకదు. అల్యూమినియం చాంబర్ అయినా ముందు బెజ్జం చుట్టూ శుభ్రంగా తుడిచి, టార్చి వేసి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా బుష్ ఆలోచన మానుకుని కొత్త చాంబర్ తెప్పించండి.