బరంపురం ఎండల్లో ఎంఎస్: కూలరా, ఏసీయా?

మా వదినకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు. ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. నరాల పైపొర దెబ్బతిన్నచోట వేడికి సంకేతాలు సరిగా సాగవు. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, ఒళ్లు శ్రమపడ్డాక ఇలా చూపు మసకబారడాన్ని గమనించి రాశాడు. ఒళ్లు చల్లబడితే మళ్లీ సర్దుకుంటుంది.

కూలర్ చవక, కరెంటూ తక్కువే. మహారాష్ట్రలోని చంద్రపూర్ లాంటి చోట్ల పొడి ఎండకు బాగా పనికొస్తుంది. మాది ఒడిశా తీరం దగ్గరి బరంపురం, సముద్రపు గాలి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కూలర్ నీరు సరిగా ఆవిరవదు, ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. మొన్న మే నెలలో కూలర్ ముందు కూర్చుని కూడా వదిన లేవలేకపోయింది. అందుకే ఇక్కడ ఏసీయే నయమంటాను, ఖర్చైనా సరే. ఇల్లంతా అక్కర్లేదు, ఆమె పడుకునే గదికి చాలు. కరెంటు పోతే చన్నీళ్లలో ముంచిన తువ్వాలు మెడకు చుడతాం.