కాఫీకి సరే, పొయ్యి మీదే జాగ్రత్త: తీపి మాత్రలతో నాలుగేళ్లు

నాకు షుగర్ ఉందని తేలి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి చెన్నై వెస్ట్ మాంబళంలోని మా వంటింట్లో చక్కెర డబ్బా పక్కనే, చక్కెరకి బదులు వాడే తీపి మాత్రల డబ్బా ఉంటోంది. మొదట ఆస్పర్టేమ్, ఇప్పుడు సుక్రలోజ్. ధరలూ ప్యాకింగూ అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది పొయ్యి సంగతి.

రెండేళ్ల క్రితం ఉగాదికి నెల్లూరు నుంచి అత్తయ్య వచ్చారు. ఆవిడకీ షుగరే. పండగపూట ఆవిడొక్కరే పాయసం ముట్టకుండా కూర్చోవడం నాకిష్టం లేక, అందరికీ కలిపి సేమియా పాయసం ఆస్పర్టేమ్ మాత్రలతోనే చేశాను. మరుగుతున్న పాలలో మాత్రలు పొడి చేసి వేసి రుచి చూస్తే తీపి సరిగ్గా కుదిరింది. ఎంత సంతోషపడ్డానో! చిక్కబడాలని సన్నసెగ మీద ఇంకో అరగంట ఉంచాను. తీరా వడ్డించాక అత్తయ్య ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఏమ్మా, చక్కెర మర్చిపోయావా?" అన్నారు. నేనూ తిన్నాను. యాలకులు, నెయ్యి, జీడిపప్పు అన్నీ తెలుస్తున్నాయి, తీపి మాత్రం లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తర్వాత తెలిసింది, ఆస్పర్టేమ్ ఎక్కువసేపు మరిగితే విడిపోతుందనీ, విడిపోయాక తీపి ఉండదనీ. పుల్లటి పానీయాల్లో నిలిచినంతగా పాలలో నిలవదట. ఆ ముక్క డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయొచ్చు కదా! ఆ కోపం నాకింకా పోలేదు.

సుక్రలోజ్‌కి మారింది అప్పుడే. ఇది మరిగినా తీపి పోదు. కొత్తలో కనపడినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పను. చక్కెర కంటే దాదాపు 600 రెట్లు తీపి కాబట్టి చిటికెడు చాలు, కానీ ఆ చిటికెడుతో పాకం రాదు. సంక్రాంతికి గవ్వలు చేయబోయి ఆ సంగతి తెలుసుకున్నాను. పొద్దున ఫిల్టర్ కాఫీలో తేడా తెలియదు. సాయంత్రం రెండో టంబ్లర్ తాగాక మాత్రం డికాషన్ చేదు పోయినా తీపి నాలుకకి అంటుకునే ఉంటుంది.

బరువు తగ్గడానికి కొనేవాళ్లకి ఒక మాట. ఆ పనికి వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి ఆ సలహా వర్తించదు, కాబట్టి నేను కొనసాగిస్తున్నాను. నా మూడు నెలల షుగర్ సగటు (HbA1c పరీక్ష) 8.1 శాతం నుంచి 6.9కి వచ్చింది. అయితే రాత్రి అన్నం మానేసి, రోజూ సాయంత్రం నడవడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. అందుకని ఆ మంచంతా మాత్రలదే అనలేను.

వచ్చే ఉగాదికి అత్తయ్య మళ్లీ వస్తున్నారు. పిల్లలకి చక్కెర పాయసం. మా ఇద్దరికీ వేరే గిన్నెలో కాచి, పొయ్యి మీంచి దించాకే మాత్రలు వేస్తాను. సుక్రలోజే అయినా సరే, ఆ భయం నన్నింకా వదల్లేదు.